కృష్ణలంకలలో మత్స్యవినోదము



సముద్రద్వీపములలో గాలము వేసి చేపలను పట్టుట లోకమున నొక గొప్ప వినోదముగ ప్రసిద్ధికెక్కినది. అండమాను దీవులకు దూరదేశముల నుండి వేడుకగాండ్రు వచ్చి, పడవలెక్కి, మనుష్యప్రమాణము గల చేపలతో గడియల కొలది పెనగులాడి, తుదకు దానితో నొక ఛాయాచిత్రము తీయించుకొని, ఆ చేపను మరల నీటిలోనికే విడిచి పోవుదురు. వనపర్తివారికిని, గద్వాలవారికిని ఈ ముచ్చటతో పని యేమని మీరడుగవచ్చును. మనకు సముద్రము లేదు, నిజమే. కాని లంకలున్నవి. కృష్ణా తుంగభద్రల నడుమ మూడు దిక్కుల నీరు గల గద్వాల, అలంపురము సీమకు నడిగడ్డ యనియే పేరు. గద్వాలకు సమీపమున కృష్ణ చీలి, గుర్రంగడ్డను చుట్టి పారుచున్నది. ఆ గడ్డవారు తరతరములుగ పుట్టిలోను పడవలోను ఏరు దాటి బ్రతికినవారు. వనపర్తి ప్రభువులు పోషించిన శ్రీరంగాపురమున రంగసముద్రపు నీరు రంగనాయకస్వామి కోవెలను ఒరసికొని నిలిచియుండును. ఇట్టి సీమలో గాలపు వినోదమునకు చరిత్ర లేకుండునా? కలదు. దానిని మీకు మనవి చేసెదను.

గాలపు వేట దొరలు తెచ్చిన వేడుక యని పలువురి తలంపు. అది సరికాదు. కల్యాణి చాళుక్య చక్రవర్తులలో ఆరవ విక్రమాదిత్యుని కుమారుడు మూడవ సోమేశ్వరుడు. ఆయనకు భూలోకమల్లుడని బిరుదు. 1127 ప్రాంతమున సింహాసనమెక్కిన ఈ రాజు సంస్కృతమున మానసోల్లాసమను గ్రంథమును రచించెను. దానికే అభిలషితార్థచింతామణి యని మరియొక పేరు. నూరు అధ్యాయములు గల ఆ గ్రంథమున రాజ్యపాలనము, వైద్యము, వంటకములు, సంగీతము మొదలు సమస్తమును గలవు. రాజులకు తగిన వినోదములను చెప్పుచు ఆయన మత్స్యవినోదమునకు ప్రత్యేకముగ చోటిచ్చెను. ఏ చేప సముద్రమున నుండును, ఏది నదిలో నుండును, దేనికి పొలుసు గలదు, దేనికి లేదు, దేనికి పిండి మేత, దేనికి మాంసపు మేత, బద్ద యెట్టిది, త్రాడెట్టిది, గాలమెట్టిది అని రాజు స్వయముగ వివరించెను. జంతుశాస్త్రజ్ఞుడు సుందరలాల్ హోరా 1951లో ఈ భాగమును పరిశోధించి, అందలి సుమారు 35 చేపల పేర్లను నేటి శాస్త్రనామములతో పోల్చి చూపెను.

ఈ చక్రవర్తుల శాసనములు మన అలంపురమున నేటికిని నిలిచియున్నవి. కాబట్టి గాలము పట్టిన ఆ రాజు మనకు పరాయివాడు కాడు. మన నేలను ఏలిన వంశమువాడు. వేటకు ముందు చేపను ఎరుగవలెను, అది యేమి తినునో, ఎచ్చట నిలుచునో తెలిసికొనవలెను అనునదే ఆ అధ్యాయము మనకు నేర్పు మొదటి నీతి.

ఏడు వందల ఏండ్ల తరువాత ఆంగ్లేయులు వచ్చిరి. సైక్సు అను సైనికోద్యోగి దక్కను నదుల చేపలను పరిశీలించి, 1839లో ఒక పెద్ద చేపకు ఖుద్రీ యని శాస్త్రనామమొసగెను. అది మహారాష్ట్ర జాలరుల నోటి పేరే. ఉత్తరాదివారు మహాసీరు అని పిలుచు జాతిలోనిది. పుణె ప్రాంతపు ఏళ్లలో ఆయన చూచిన ఆ చేప పరాయి నీటిది కాదు. ఆ ఏళ్లు భీమలో కలియును. భీమ మన పాలమూరు సరిహద్దున కృష్ణలో కలియును. పిమ్మట దక్షిణ కన్నడ మండలమున కలెక్టరుగ పనిచేసిన హెచ్. ఎస్. థామసు 1873లో గాలపు వేటను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. గాలము పట్టు దొరలకు అదియే చాలకాలము పాఠ్యపుస్తకము. ఆ సంవత్సరముననే మత్స్యశాఖాధికారి ఫ్రాన్సిస్ డే దేశమందలి మంచినీటి చేపలను గూర్చి ప్రభుత్వమునకు నివేదిక సమర్పించెను. సన్నకన్నుల వలలు, విషము, ఏళ్లకడ్డముగ ఆనకట్టలు, ఇవి చేపల సంతతిని నశింపజేయుచున్నవని వారు ఆనాడే మొరపెట్టిరి. తుదకు 1897లో బ్రిటిషు ఇండియాలో మందుగుండుతోను విషముతోను చేపలను చంపుట నేరమని శాసనమయ్యెను.

ఇచ్చట ఒక మాట విడమరచి చెప్పవలెను. దొరలకు గాలము వినోదము. మన బెస్తలకు, ముదిరాజులకు అది కూడు. జీలుగు బెండు కట్టి, వానపామును ఎరగా గ్రుచ్చి, తెల్లవారుజామున మడుగు గట్టున కూర్చున్నవానికి ఛాయాచిత్రముతో పని లేదు. అయినను చేపను గూర్చి అతడెరిగినది పుస్తకమెరిగిన దానికి తీసిపోదు. కొరమీను తన ఎఱ్ఱని పిల్లలగుంపును కాచుకొని తిరుగునప్పుడు తల్లిని పట్టినచో పిల్లలన్నియు ఇతర చేపల పాలగునని అతనికి తెలియును. తొలకరి వరదకు చేప ఎదురెక్కునది గ్రుడ్లు పెట్టుటకే యని అతనికి తెలియును. అయితే ఆ తెలివి వ్రాతకెక్కలేదు. ముసలివానితో పుట్టి, ముసలివానితో పోయినది.

ఇంతలో నదియే మారినది. శ్రీశైలము కడ సుమారు 145 మీటర్ల ఎత్తు ఆనకట్ట లేచి, 1980 తరువాతి సంవత్సరములలో కృష్ణా తుంగభద్రల తీరగ్రామములు అనేకము మునిగినవి. కూడవెల్లి సంగమేశ్వరుని కోవెలను రాయి రాయిగ విప్పి అలంపురమునకు చేర్చిరి. సోమశిలలోని దేవుళ్లును ఎత్తైన చోటికి తరలిరి. దేవుళ్లను తరలించితిమి గాని చేపల మడుగులను తరలింపలేకపోతిమి. ఎగువను జూరాల ఆనకట్ట 1995లో ప్రారంభమయ్యెను. పారు నీరు నిలువనీరైనది. క్రొత్త జలాశయములు క్రొత్త జీవనోపాధిని కల్పించినవి. జూరాల కట్ట కడ వేయించిన చేపలు తినుటకు నేడు దూరపు ఊళ్ల నుండి జనులు వచ్చుచున్నారు. సోమశిలకు నీటి విహారమునకు యాత్రికులు వచ్చుచున్నారు. ఇది సంతోషింపదగినదే. 2016 నుండి రాష్ట్రప్రభుత్వము చెరువులలోను జలాశయములలోను చేపపిల్లలను విడుచుట ఆరంభించెను. అదియు మేలే. కాని దానికి సంబంధించిన ఒక హెచ్చరిక కావేరి నుండి వచ్చినది, వినుడు.

కావేరిలో మూపురము గల మహాసీరు ఒకటి కలదు. 1946లో కావేరి ఉపనదియైన కబినీలో ఒక వేటగాడు 120 పౌనుల మహాసీరును గాలమునకు పట్టెను. 1970 తరువాత పడమటి కనుమలలోని లోనావళా కడ మహాసీరు పిల్లలను పెంచి అనేక నదులకు పంపిరి. ఆ పిల్లలు మన కృష్ణాపరివాహపు ఖుద్రీ జాతివి. కావేరిలోను వానిని విడిచిరి. ఉద్దేశము పుణ్యమే, ఫలితము వేరు. క్రొత్తగ వచ్చినది విస్తరించినది, ఇంటిది క్షీణించినది. కావేరి మూపురపు చేప తీవ్రముగ నశించుచున్న జాతియని 2018లో అంతర్జాతీయ సంఘము ప్రకటించెను.

ఈ సంగతి ఎట్లు బయటపడినదో గమనింపుడు. ఏ సర్కారు లెక్కలోను అది లేదు. కావేరి ఒడ్డున వినోదార్థము గాలము వేసి, చేపను మరల విడిచిపెట్టువారు 1998 నుండి 2012 వరకు తాము పట్టిన ప్రతి చేపను లెక్కపుస్తకమున వ్రాసి యుంచిరి. శాస్త్రజ్ఞులు ఆ పుస్తకములను చూచి, 2015లో నిజమును లోకమునకు తెలిపిరి. వేడుకగాని పుస్తకమే సాక్షియైనది.

మన కృష్ణకు అట్టి సాక్షి యెవడు? కొల్లాపురము, వనపర్తి తీరములందు శ్రీశైలపు వెనుకనీటిలో అలివి వలలు వేయుచున్నారని జాలరులు ఏటేట మొరపెట్టుచున్నారు. దోమతెర వంటి ఆ వలలో వ్రేలెడు పిల్లయు తప్పించుకొనదు. నిషేధమున్నను ఆ వల ఆగలేదు. పుట్టి, ఒక చిన్న వల మాత్రమే ఆస్తిగ గలవాడు ఆ పెద్ద వలల వెనుక ఏమి ఏరుకొనును? అతని బిడ్డ పొట్టచేత పట్టుకొని పట్టణమునకు పోవలసినదే. చేప పోయినచో వినోదమును పోవును, కూడును పోవును.

గ్రామపెద్దలారా, మీకు నా విన్నపము పెద్దది కాదు. ప్రతి తీరగ్రామమున మత్స్య సహకార సంఘమువారిని కూర్చుండబెట్టి ఒక పుస్తకము తెరువుడు. ఏ మాసమున, ఏ మడుగున, ఏ చేప, ఎంత తూకము పడినదో వ్రాయింపుడు. ఒకప్పుడు దొరకి నేడు దొరకని చేపల పేర్లను మీ ఊరి వృద్ధజాలరి నోట విని మొదటి పుటలో వ్రాయింపుడు. తొలకరి వరదలో గ్రుడ్లు పెట్టు చేపను వదలివేయుడని, పిల్లలగుంపుతో తిరుగు కొరమీనును ముట్టవద్దని సంఘమున కట్టడి చేయుడు. వినోదమునకు వచ్చిన గాలపువానిని వెళ్లగొట్టవలసిన పని లేదు. అతడును పట్టిన చేపను పుస్తకమున వ్రాసి పోవలెనని నియమింపుడు. అలివి వల మీ రేవున దిగినచో అధికారులకు వ్రాతమూలముగ తెలుపుడు. అప్పుడు లెక్కయే మీకు బలము.

రాజు వ్రాసినది తొమ్మిది వందల ఏండ్లు నిలిచినది. జాలరి ఎరిగినదియు నిలువవలెనన్నచో దానిని నేడే వ్రాయవలెను.