ల్యాప్‌టాప్ హామీ.. ట్యాబ్‌తో సరి

సర్కారు బడి విద్యార్థి చేతికి కంప్యూటర్: పథకాల తీరు ఇదీ

హైటెక్ సిటీ: అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి 1998 నవంబరు 22న సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తర్వాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి రూపురేఖలే మారిపోయాయి. భుజాన వేలాడే ల్యాప్‌టాప్ సంచి ఇక్కడి ఉద్యోగికి గుర్తుగా స్థిరపడింది. ఈ సౌధాలను కట్టిన కూలీల పిల్లలు, కాపలా కాసేవారి పిల్లలు చదివేది ప్రభుత్వ పాఠశాలల్లో. వారికి సొంత కంప్యూటర్ ఇవ్వాలన్న ఆలోచన పలుమార్లు తెరపైకి వచ్చింది. ఒక్కోసారి ఒక్కో రూపంలో ఆగిపోయింది.

గదిలో కంప్యూటర్లు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తొలుత విద్యార్థికి కాక పాఠశాలకు కంప్యూటర్లు ఇచ్చింది. 2008లో 5,000 ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ విద్యను ప్రవేశపెట్టింది. ప్రైవేటు సంస్థలు యంత్రాలను అమర్చి, బోధకులను నియమించి, అయిదేళ్లు నడిపి అప్పగించాలన్నది ఒప్పందం. 2013లో గడువు ముగిసింది. బోధకుల సేవలూ ఆగిపోయాయి. నేర్పేవారు లేని గదిలో కంప్యూటర్ ఉన్నా లేనట్లే.

'ఆకాశ్' పుట్టింది ఇక్కడే

చవక యంత్రానికీ హైదరాబాద్‌కూ సంబంధముంది. కేంద్ర మానవ వనరుల మంత్రి కపిల్ సిబల్ 2011 అక్టోబరు 5న ఢిల్లీలో ఆవిష్కరించిన 'ఆకాశ్' ట్యాబ్లెట్‌ను కెనడా సంస్థ డేటావిండ్ కోసం తయారు చేసింది హైదరాబాద్‌లోని క్వాడ్ ఎలక్ట్రానిక్స్. ప్రభుత్వానికి పడిన ధర రూ.2,276. ర్యామ్ 256 ఎంబీ మాత్రమే కావడంతో వేగం లేదన్న విమర్శలు వచ్చాయి. పైగా అది ప్రధానంగా కళాశాల విద్యార్థులను ఉద్దేశించినది.

నెల్లూరులో మాట.. యడ్లపల్లిలో ట్యాబ్

ఉన్నత పాఠశాల విద్యార్థికే ల్యాప్‌టాప్ అన్న స్పష్టమైన హామీ ఆంధ్రప్రదేశ్‌లో వచ్చింది. 2021 జనవరి 11న నెల్లూరులో రెండో విడత అమ్మ ఒడి నిధులు విడుదల చేస్తూ ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి ఆ ప్రకటన చేశారు. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు చదివేవారు మరుసటి ఏడాది నుంచి నగదు బదులు ల్యాప్‌టాప్ కోరుకోవచ్చన్నారు. అంటే అది పూర్తిగా ఉచితం కాదు. తల్లి ఖాతాలో పడాల్సిన రూ.15 వేల సాయాన్ని వదులుకోవాలి. కూలి ఇంట్లో ఆ సొమ్ముకు ముందే లెక్కలు సిద్ధంగా ఉంటాయి.

ఆ ల్యాప్‌టాప్‌లు రాలేదు. నగదు సాయమే కొనసాగింది. 2022 జూన్‌లో బైజూస్‌తో ఒప్పందం కుదిరింది. అదే ఏడాది డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఎనిమిదో తరగతి వారికి ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. ఉపాధ్యాయులతో కలిపి 5,18,740 ట్యాబ్‌లు ఇచ్చినట్లు, వ్యయం రూ.688 కోట్లని ప్రభుత్వం ప్రకటించింది. ఏడాది తర్వాత అదే తేదీన అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో రెండో విడత సాగింది.

ట్యాబ్ చదువుకోవడానికి చాలు. వ్యాసం టైపు చేయాలన్నా, ప్రోగ్రాం రాయాలన్నా కీబోర్డు కావాలి. హైటెక్ సిటీ కొలువు అడిగేది ఆ రెండో పనినే. పాఠ్యాంశాలు సమకూర్చిన బైజూస్‌పై 2024 జులైలో దివాలా ప్రక్రియ మొదలైంది.

పొరుగున మరో దారి

తమిళనాడులో 2011 సెప్టెంబరు 15న జయలలిత ఉచిత ల్యాప్‌టాప్ పథకాన్ని ప్రారంభించారు. ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల ప్లస్‌ టూ విద్యార్థులకు ఏటా అందజేశారు. హోసూరు, తిరుత్తణి ప్రాంతాల తెలుగు పిల్లలు చదివే బడులకూ ఇది వర్తించింది. సుమారు పదేళ్లలో 50 లక్షలకు పైగా పంపిణీ అయ్యాయి. ఆపై నిలిచిపోయింది. 2025 మార్చి బడ్జెట్‌లో అక్కడి ప్రభుత్వం మళ్లీ 20 లక్షల మందికి ప్రకటించినా, ఈసారి అర్హులు కళాశాల విద్యార్థులే.

యంత్రం ఇస్తే చదువు వస్తుందా అన్నది వేరే ప్రశ్న. పెరూ దేశపు గ్రామీణ బడుల్లో పిల్లలకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చి చేసిన పరిశీలన 2012లో వెలువడింది. గణితం, భాష మార్కుల్లో మెరుగుదల కనిపించలేదు.

తెలంగాణలో 2016 నవంబరులో డిజిటల్ తరగతులు మొదలయ్యాయి. 2022 మార్చి 8న వనపర్తిలో ప్రారంభించిన 'మన ఊరు-మన బడి'లోనూ 26,065 పాఠశాలలకు ఉద్దేశించిన పనుల్లో డిజిటల్ సదుపాయం ఒకటి. నగరంలో దీనినే 'మన బస్తీ-మన బడి' అన్నారు. రెండింటా తెర గోడకే ఉంది. కొవిడ్ వేళ 2020 సెప్టెంబరు 1న పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా మొదలైనప్పుడు, ఇంట్లో టీవీ లేని పిల్లలు పక్కింటి తలుపు తట్టాల్సి వచ్చింది.