సర్వపిండి వయసెంత?

సిద్దిపేట నుంచి మాట్లాడుతున్నా. మీ ఫోన్‌లో కూడా ఆ వీడియోలు వచ్చే ఉంటాయి: "ప్రపంచంలో తప్పక తినాల్సిన పది సంప్రదాయ వంటలు". ఇటలీ పిజ్జా, కొరియా కిమ్చీ, జపాన్ సుషీ, మెక్సికో టాకో. చూస్తుంటే నోరూరుతుంది, అది వేరే సంగతి. కానీ ఒక్కోదాని కింద "వేల ఏళ్ల సంప్రదాయం" అని రాసి ఉంటుంది చూడండి, అక్కడ నాకు డౌట్ వస్తది. నిజంగా వేల ఏళ్లేనా? సరే, వాళ్ల సంగతి తర్వాత. మన ఇంట్లో వంట వయసెంతో మనకు తెలుసా? ఈ ఎపిసోడ్‌లో మన సర్వపిండి వయసు లెక్కగడదాం.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. నేను డిగ్రీ చదవడానికి హైదరాబాద్ హాస్టల్‌కు పోయిన కొత్తలో మా నానమ్మ ఒక స్టీలు డబ్బా నిండా సర్వపిండి చేసి పంపింది. రూమ్మేట్ డబ్బా తెరిచి, "ఏంట్రా ఇది, మాడిపోయిన రొట్టెనా? మధ్యలో ఈ కన్నాలేంటి?" అని నవ్వాడు. నేనేమన్నానో తెలుసా? "ఏదో రొట్టెలే" అన్నాను. సర్వపిండి అనే పేరు కూడా చెప్పలేదు. మన యాసకు నవ్వేవాళ్లు, మన తిండికీ నవ్వుతారని భయం. డబ్బాను మంచం కిందికి తోసేసి, రాత్రి లైట్లు తీసేశాక తిన్నా. ఇవాళ్టి ఈ ముచ్చటంతా ఆ రోజు చెప్పకుండా మింగేసిన పేరు గురించే అనుకోండి.

తెలియనివాళ్ల కోసం చెప్తా. "సర్వ" అంటే మన తెలంగాణ ఇళ్లల్లో ఉండే గుండ్రటి అడుగున్న గిన్నె. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, వేయించి దంచిన పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ, కరివేపాకు, కొత్తిమీర, జీలకర్ర, ఉప్పు, కారం వేసి ముద్దగా కలుపుతారు. కొందరు ఆనపకాయ తురుము కూడా వేస్తారు. ఆ ముద్దను నూనె రాసిన సర్వ లోపలి గోడకు పలచగా ఒత్తుతారు. వేలితో అక్కడక్కడ గుంతలు పెట్టి, ఆ గుంతల్లో చుక్క చుక్క నూనె వేస్తారు. మూత పెట్టి సన్నని మంట మీద వదిలేస్తే, అడుగు కరకరలాడుతూ పైన మెత్తగా కాలుతుంది. నా రూమ్మేట్ అడిగిన కన్నాలు అవే. నూనె అడుగు దాకా దిగడానికి, పిండి లోపల దాకా కాలడానికి. కొన్ని చోట్ల దీన్నే గిన్నప్ప అంటారు, తపాలచెక్క అంటారు. ఏ పేరు చూసినా అందులో పాత్ర పేరే ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తది.

ఇప్పుడు ఆ ముద్దలో ఉన్న ఒక్కొక్కదాన్నీ "నువ్వు ఎక్కడి నుంచి వచ్చినవ్?" అని అడుగుదాం.

మొదట కారం. మిరపకాయ లేని తెలంగాణ వంటను ఊహించగలమా? కానీ మిరప పుట్టింది మెక్సికో వైపు. కొలంబస్ 1492లో అమెరికా ఖండాల వైపు చేరేదాకా ఇటువైపు ప్రపంచానికి మిరపకాయ అంటేనే తెలియదు. వాస్కో డ గామా 1498లో కాలికట్‌కు వచ్చాడు. పోర్చుగీసువాళ్లు 1510లో గోవాను పట్టుకున్నారు. వాళ్ల ఓడల్లోనే మిరప మన దేశపు తీరానికి వచ్చింది. మరి అంతకుముందు మనోళ్లు కారం ఎట్లా తిన్నారు? మిరియాలతో. రెండు మాటలూ పక్కపక్కన పెట్టి పలకండి: మిరియం, మిరప. కొత్త కాయ వచ్చినప్పుడు, నాలుక మీద అదే మంట తగిలిందని, తెలిసిన మిరియం పేరునే కొంచెం మార్చి ఇచ్చారు.

దీనికి ఇంకో సాక్ష్యం మన ఇళ్లల్లోనే ఉంది. తద్దినం వంటలో మిరపకాయ ముట్టని ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ రోజు కారానికి మిరియాలే. ఎందుకని అడిగితే "పెద్దల కాలం నుంచి అంతే" అంటారు. నిజమే, ఆ పెద్దల కాలంలో మిరపకాయ లేదు కదా!

ఇంకొంచెం వెనక్కి పోదాం. మనకు దగ్గర్లో ఉన్న ఓరుగల్లు వీధులను వర్ణించే పాత కావ్యం ఒకటుంది, క్రీడాభిరామం. అందులో పూటకూళ్ల ఇల్లు కనిపిస్తది, అంటే ఇప్పటి మన మెస్ లాంటిదన్నమాట. ఒక రూక ఇస్తే భోజనం. ఆ విస్తరిలో ఎన్ని రుచులున్నా మిరపకాయ ఉండే వీలే లేదు. సురవరం ప్రతాపరెడ్డి గారు 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాసినప్పుడు ఇట్లాంటి కావ్యాలనే తవ్వి, మన పూర్వులు ఏం తిన్నారో, ఏం కట్టుకున్నారో బయటికి తీశారు. రాజుల యుద్ధాలే చరిత్ర అనుకునే కాలంలో ఆయన విస్తరిలోకి తొంగి చూశారు. ఆ పుస్తకానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది, తెలుగులో అదే మొదటిది. చదవనివాళ్లు ఒకసారి చూడండి.

రెండోది పల్లీ. పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఇది కూడా ఓడలెక్కి వచ్చిందే. దీని ఇంకో పేరు చూడండి: వేరుశనగ. మన పూర్వులకు శనగ తెలుసు. ఇదేమో నేలలో, వేళ్ల దగ్గర కాస్తుంది. "ఓహో, ఇది వేరు దగ్గర కాసే శనగ" అనుకుని పేరు పెట్టేశారు. 20వ శతాబ్దం మొదటి సగంలో హైదరాబాద్ సంస్థానంలో నూనె గింజల పంటగా పల్లీ సాగు బాగా పెరిగింది. దాంతో ఒక మాట అర్థమే మారిపోయింది. నిఘంటువులో "మంచినూనె" అంటే నువ్వుల నూనె. ఇవాళ కిరాణంలో మంచినూనె అడగండి, పల్లీ నూనె ప్యాకెట్ చేతిలో పెడతారు.

సిద్దిపేటలో ఈ మాట చెప్తున్నా కాబట్టి మక్కను వదిలిపెట్టలేను. వర్షం పడుతుంటే రోడ్డు పక్కన బొగ్గుల మీద కాల్చే మక్క కంకులు, ఇంట్లో మక్క గట్క. ఇది కూడా మెక్సికో నుంచి వచ్చిన పంటే. పూర్తి పేరు మక్కజొన్న. చూశారా, మళ్లీ అదే పద్ధతి. తెలిసిన జొన్న పేరు తీసుకుని కొత్త గింజకు తగిలించారు. మిరియం పక్కన మిరప, శనగ పక్కన వేరుశనగ, జొన్న పక్కన మక్కజొన్న. కొత్త కోడలు ఇంటికొస్తే ఆమెకు వరస కలిపి పిలుచుకున్నట్టు, మనోళ్లు కొత్త పంటలకు వరసలు కలిపారు.

అయితే జొన్న మాత్రం మనదే కదా అంటారా? దాని పుట్టిల్లు ఆఫ్రికా, ఇప్పటి సుడాన్ వైపు. కాకపోతే వేల ఏళ్ల కిందటే మన దగ్గరికి చేరింది. శనగ టర్కీ వైపు నుంచి వచ్చింది. మరి మన దేశంలోనే సాగు మొదలైనవి లేవా? ఉన్నాయి. నువ్వులు మనవే, హరప్పా తవ్వకాల్లో కూడా దొరికాయి. కరివేపాకు మన నేలదే.

ఇక బియ్యం. ఇప్పుడు కాలువలొచ్చాయి. 2020లో రంగనాయక సాగర్, 2022లో మల్లన్న సాగర్ ప్రారంభమయ్యాయి. ఎటు చూసినా వరి. కానీ మన తాతల కాలంలో ఇది మెట్ట ప్రాంతం. చెరువు కింద ఉన్న కాస్త మడిలో వరి, మిగతా చెల్కల్లో జొన్న, మక్క, కంది. రోజూ తిండి జొన్న రొట్టె, గట్క, అంబలి. బియ్యం చాలా ఇళ్లల్లో పండగకో, చుట్టాలొచ్చినప్పుడో. అందుకే మా నానమ్మ బియ్యప్పిండితో చేసే సర్వపిండిని "ఊర్కె చేసే వంటనా ఇది?" అనేది. బియ్యం లేనప్పుడు జొన్నపిండితో కూడా సర్వపిండి చేసేవాళ్లు, ఇప్పటికీ చేస్తారు.

ఇప్పుడు లెక్క తేల్చుదాం. మిరప, పల్లీ రెండూ ఉన్న సర్వపిండి, అంటే మనం ఇవాళ తినేది, ఐదొందల ఏళ్ల కంటే పాతది అయ్యే అవకాశమే లేదు. కొంతమందికి ఈ మాట నచ్చదు. "అంటే మనది కాదా?" అని కోపం కూడా వస్తది. ఆగండి. మొదట్లో చెప్పిన టాప్ టెన్ వంటల దగ్గరికి ఒకసారి పోయొద్దాం.

కిమ్చీ. కొరియావాళ్లు కూరగాయలను ఉప్పులో ఊరబెట్టుకోవడం చాలా పాత అలవాటు. కానీ ఫొటోలో కనిపించే ఆ ఎర్ర రంగు మిరపది. మిరప కొరియా చేరింది 16వ శతాబ్దం చివర్లో అంటారు. అంతకుముందు కిమ్చీ ఎర్రగా లేదు. పిజ్జా మీద టమాట? అది కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. ఇటలీలో టమాట సాస్ తయారీ అచ్చులో కనిపించేది 1690లలో, నేపుల్స్ నగరంలో వచ్చిన వంట పుస్తకంలో. దానికి కూడా ఆ రచయిత "స్పెయిన్ పద్ధతి" అని పేరు పెట్టాడు! అయినా ఇవాళ పిజ్జాను ఇటలీది కాదని ఎవరైనా అంటారా? కిమ్చీ చేసే సామూహిక ఆచారాన్ని యునెస్కో 2013లో తన వారసత్వ జాబితాలో చేర్చింది. మిరప ఎక్కడ పుట్టిందని అక్కడ ఎవరూ పేచీ పెట్టలేదు.

మరి వంటలో "మనది" అనేది ఎక్కడుంటది? అందుకే పాత్ర పేరు గుర్తుపెట్టుకోమన్నా. గింజలు మెక్సికో నుంచి రావచ్చు, సుడాన్ నుంచి రావచ్చు. వాటిని ముద్ద చేసి గిన్నె గోడకు ఒత్తి, వేలితో గుంతలు పెట్టి, ఇంత తక్కువ నూనెతో కాల్చాలనే ఆలోచన ఈ వంటింట్లోది. మా నానమ్మ రెండు సర్వలు పెట్టుకునేది. ఎందుకంటే కాలిన గిన్నెకు పిండి ఒత్తితే చెయ్యి కాలుతుంది, పిండీ అంటదు. ఒకటి పొయ్యి మీద ఉంటే, ఇంకోటి నీళ్ల తొట్టి పక్కన బోర్లించి చల్లారుతూ ఉండేది. అన్నం వండడం అయిపోయాక మిగిలిన నిప్పుల మీదే సర్వ పెట్టేది, కట్టె దండగ కావొద్దని. పొలానికి పోయేటోళ్లు ముక్కలు చేసి గుడ్డలో కట్టుకుని పోయేవాళ్లు. కూర అక్కర్లేదు, చెయ్యి కడుక్కుంటే చాలు. కట్టె, నూనె, టైము, మూడూ తక్కువున్న ఇంట్లో ఆడవాళ్లు కనిపెట్టుకున్న తెలివి ఇది. ఎవరు మొదలుపెట్టారో పేరు లేదు. వంటల చరిత్రలో ఎక్కువ పేర్లు ఇట్లాగే పోయాయి.

తెలంగాణ 2014 జూన్ 2న వచ్చింది, మన సిద్దిపేట 2016 అక్టోబర్ 11న జిల్లా అయింది. ఈ పదేళ్లల్లో ఒక మార్పు నేను కళ్లతో చూశా. హైదరాబాద్ పిండివంటల దుకాణాల్లో సకినాల పక్కన సర్వపిండి కూడా పెడుతున్నారు, బోర్డు మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి మరీ. మొదటిసారి ఆ బోర్డు చూసినప్పుడు రోడ్డు మీదే కాసేపు నిలబడిపోయా. నేను మంచం కిందికి తోసిన పేరు అది.

నానమ్మ ఇప్పుడు లేదు. ఆమె కొలతలు కూడా లేవు. "ఎంత కారం నానమ్మా?" అంటే "పిండి రంగు చూడు బిడ్డా" అనేది. "ఎన్ని నీళ్లు?" అంటే "పిండే చెప్తది" అనేది. ఆ రంగు ఏ రంగో నేను ఏనాడూ పక్కన కూర్చుని చూడలేదు. మిరప ఏ ఓడలో వచ్చిందో పుస్తకాల్లో దొరికింది. ఆ రంగు మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకదు.

మీ ఇంట్లో ఇంకా అట్లాంటి చెయ్యి ఉంటే, ఈ ఆదివారం ఫోన్ పక్కన పెట్టి, పొయ్యి దగ్గర ఒక పీట వేసుకుని కూర్చోండి. రెండోసారి చేసేటప్పుడు కావాలంటే వీడియో తీయండి. ఇంకా ఒకటి. హాస్టల్లోనో ఆఫీసులోనో మీ డబ్బా చూసి ఎవరన్నా "ఏంటిది?" అని అడిగితే, నాలాగా "ఏదో రొట్టెలే" అనకండి. పేరు చెప్పండి. తర్వాత ఒక ముక్క తుంచి వాళ్ల చేతిలో పెట్టండి.

మీ ఊళ్లో దీన్ని ఏమంటారో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో సకినాల ముచ్చట చెప్పుకుందాం. ఉంటా మరి.