సాహిత్య ప్రతినిధి లేని ప్రచురణ వ్యవస్థ: కృష్ణా డెల్టాలో రచయిత – ప్రచురణకర్త సంబంధాల చరిత్ర

వ్యాససంగ్రహం:
ఆంగ్ల ప్రచురణరంగంలో రచయితకు, ప్రచురణకర్తకు నడుమ సాహిత్య ప్రతినిధి, అంటే లిటరరీ ఏజెంట్, ఉంటాడు. రచనను ఎంపిక చేయడం, తగిన ప్రచురణకర్తను వెదకడం, రచయిత పక్షాన బేరమాడి హక్కులు కాపాడడం అతని పనులు. తెలుగులో ఈ వృత్తి ఒక వ్యవస్థగా ఏర్పడలేదు. విజయవాడ, మచిలీపట్నం కేంద్రాలుగా సాగిన ప్రచురణ చరిత్రలో ఆ పనులను ఎవరు నిర్వహించారో, వాటిలో ఏది ఎవరికీ చెందకుండా మిగిలిపోయిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ప్రచురణ చరిత్ర, సాహిత్య ప్రతినిధి, కాపీరైటు, వారపత్రిక, పీఠిక, విజయవాడ.

1. ఉపోద్ఘాతం

ప్రబంధయుగంలో కవికి కృతిభర్త ఉండేవాడు. కావ్యాన్ని అంకితం పుచ్చుకొని కవి పోషణభారాన్ని వహించేవాడు. అచ్చుయంత్రం వచ్చాక రాజాస్థానం స్థానంలో విపణి నిలిచింది. ఆ విపణిలోకి రచయితను తీసుకువెళ్లే మధ్యవర్తి ఎవరన్న ప్రశ్నకు ఒక్కో సమాజం ఒక్కో సమాధానం చెప్పుకొంది.

లండన్‌లో ఆ సమాధానం సాహిత్య ప్రతినిధి. 1870ల చివరి భాగంలో ఎ. పి. వాట్ ఈ వృత్తికి స్థిరరూపం ఇచ్చాడు. రచయిత రాబడిలో పదిశాతం అతని ప్రతిఫలం. ఒకే నవలకు పత్రికలో ధారావాహిక హక్కు, పుస్తక హక్కు, వలస దేశాల హక్కు వేర్వేరుగా ధర పలకసాగాయి. 1886 బెర్న్ ఒప్పందం, విదేశీ రచయితలకు అమెరికాలో రక్షణ కల్పించిన 1891 నాటి చట్టం ఈ హక్కుల విలువను ఇంకా పెంచాయి. హక్కులు పెరిగినచోట వాటిని విడివిడిగా అమ్మగలిగినవాడి అవసరం ఏర్పడింది. కనుక సాహిత్య ప్రతినిధి పుట్టుకకు కేవలం సాహిత్యాభిరుచి కాక హక్కుల విభజన ప్రధాన కారణమని గ్రహించాలి.

2. పాఠకుణ్ణి ముందుగా సమకూర్చుకోవడం

కృష్ణా మండలంలో ప్రచురణోద్యమం వేరొక దారిలో నడిచింది. పెనుగంచిప్రోలులో జన్మించిన కొమర్రాజు లక్ష్మణరావు, విజయవాడకు చెందిన అయ్యదేవర కాళేశ్వరరావు వంటివారి కృషితో 1906లో హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలి ఏర్పడింది. చందాదారులను చేర్చుకొని గ్రంథమాలగా పుస్తకాలు వెలువరించడం దాని పద్ధతి. ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు 1926లో మద్రాసులో ఆంధ్ర గ్రంథమాలను ఆరంభించారు. మచిలీపట్నంలో 1902 నుండి వెలువడిన కృష్ణాపత్రిక రాజకీయాలతో పాటు సాహిత్యానికీ వేదిక అయింది.

గ్రంథాలయోద్యమం దీనికి తోడ్పడింది. 1911లో విజయవాడలో రామమోహన గ్రంథాలయం వెలసింది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య కృషితో అదే పట్టణంలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. ఈ సంస్థలన్నీ పాఠకులను సమకూర్చాయి. ఏ పుస్తకం ప్రజలకు అవసరమో సంపాదకులు, మండలి పెద్దలు నిర్ణయించారు. రచనను వెదకడం, వడగట్టడం అనే పనులు ఆ విధంగా సేవాభావం గల సంస్థల చేతికి వచ్చాయి. సేవగా సాగిన ఆ వ్యవహారంలో రచయిత ప్రతిఫలం ముఖ్యాంశం కాలేకపోయింది.

3. పోటీ, పీఠిక: యోగ్యతా నిర్ణయం

రచన యోగ్యతను లోకానికి తెలిపే సాధనాలు మరి రెండు ఉండేవి. మొదటిది పోటీ. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నిర్వహించిన నవలల పోటీలో విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’, అడివి బాపిరాజు ‘నారాయణరావు’ బహుమతిని పంచుకొన్నాయి. ఈ ఇద్దరి జీవితాలూ కృష్ణా మండల విద్యాసంస్థలతో ముడిపడినవే.

రెండవది పీఠిక. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ గేతాలు ప్రధానంగా 1930లలో రచించినవి. చలం ‘యోగ్యతాపత్రం’ 1940 నాటిది. పుస్తకం మాత్రం 1950లో గానీ వెలువడలేదు. మచిలీపట్నం నుండి నళినీకుమార్ దానిని ప్రచురించారు. ఈ జాప్యాన్ని ఒకే కారణానికి ముడిపెట్టడం సరికాదు. అయినా ఒక విషయం స్పష్టం. తెలుగు పీఠికలలో అత్యంత ప్రసిద్ధమైన సిఫారసు సిద్ధంగా ఉండి కూడా పదేళ్లపాటు పుస్తకం రాలేదు. పీఠికాకర్త యోగ్యతను చాటగలడు. ప్రచురణకర్తను కుదర్చడం అతని బాధ్యత కాదు. ఇక్కడ ఒక అభిమాని పూనిక ఆ లోటును తీర్చింది.

4. విజయవాడ: పత్రికే ప్రవేశద్వారం

రాష్ట్రావతరణకు ముందు, తరువాత విజయవాడ తెలుగు పుస్తక వ్యాపారానికి కేంద్రంగా ఎదిగింది. విశాలాంధ్ర ప్రచురణాలయం, నవోదయ పబ్లిషర్స్ వంటి సంస్థలు ఇక్కడి నుండి పనిచేశాయి. ఏలూరు రోడ్డు పుస్తకాల వీధిగా పేరుపొందింది. మచిలీపట్నంలో పుట్టిన ఎం. శేషాచలం అండ్ కంపెనీ ఎమెస్కో పేరుతో చవక ధరల పాకెట్ పుస్తకాలను ఇంటింటికీ చేర్చింది. 1960లో ఆంధ్రజ్యోతి దినపత్రిక, 1967లో దాని వారపత్రిక, 1970లో స్వాతి మాసపత్రిక, 1984లో స్వాతి వారపత్రిక విజయవాడ నుండి వెలువడ్డాయి.

ఈ దశలో రచయితకు ప్రవేశద్వారం పత్రికా సంపాదకుడే. ఆంగ్ల రచయిత ప్రతినిధికి రాసే పరిచయలేఖకు బదులు తెలుగు రచయిత రాతప్రతితో పాటు రెండింటిని జతచేసేవాడు. మొదటిది, రచన స్వీయమనీ, అనువాదం, అనుసరణ కాదనీ, వేరెక్కడా ప్రచురితం కాలేదనీ తెలిపే హామీపత్రం. రెండవది, తిప్పి పంపడానికి తగిన స్టాంపులు అంటించి సొంత చిరునామా రాసిన కవరు. ఈ రెండు కాగితాలూ పత్రికకు రచయిత ఇచ్చే హామీలే. పత్రిక రచయితకు ఇవ్వవలసిన హామీని తెలిపే మూడవ కాగితం ఆ కట్టలో ఉండేది కాదు.

5. ఎవరికీ చెందని పని

వారపత్రికల యుగంలో తెలుగు నవలకూ హక్కుల విభజన వచ్చింది. కృష్ణా జిల్లా కాజ గ్రామంలో జన్మించిన యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ మొదట జ్యోతి మాసపత్రికలో ధారావాహికగా వచ్చింది. తరువాత పుస్తకమై అనేక ముద్రణలు పొందింది. 1976లో చలనచిత్రమయింది. లండన్‌లో ప్రతినిధి వృత్తిని పుట్టించిన పరిస్థితే ఇక్కడా ఏర్పడిందన్నమాట. అయినా ఆ వృత్తి పుట్టలేదు.

దీనికి ఆర్థిక కారణం ఉంది. ఉదాహరణకు 150 రూపాయల వెల గల పుస్తకం వెయ్యి ప్రతులు అమ్ముడయి, పదిశాతం రాయల్టీ లభించిందనుకొంటే రచయితకు దక్కేది 15,000 రూపాయలు. అందులో ప్రతినిధికి పదిహేను శాతం అంటే 2,250 రూపాయలు. ఇంత స్వల్పమొత్తం మీద ఒక వృత్తి నిలవదు. పెద్ద రాబడి ఉన్న కొద్దిమంది రచయితలు ప్రచురణకర్తలతో, నిర్మాతలతో నేరుగా మాట్లాడుకోగలిగారు. ఇంకొందరు ప్రచురణనే తమ చేతిలోకి తీసుకొన్నారు. రంగనాయకమ్మ స్వీట్‌హోమ్ పబ్లికేషన్స్ ద్వారా తన పుస్తకాలను తక్కువ ధరకు అందించడం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ.

మిగిలిన రచయితల విషయంలో ఒప్పందం తరచుగా నోటిమాటగానే సాగింది. 1957 కాపీరైటు చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. 1994 సవరణ తరువాత ఉన్న రూపంలో, ఒప్పందంలో కాలపరిమితి పేర్కొనకపోతే అది ఐదేళ్లుగా, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశానికి పరిమితమైనదిగా భావిస్తారు. హక్కులు పొందినవారు ఏడాదిలోగా వాటిని వినియోగించకపోతే, ఒప్పందంలో మరోవిధంగా లేనప్పుడు, ఆ బదలాయింపు రద్దయినట్టే. ప్రతినిధి చేయవలసిన పనిలో కొంత భాగాన్ని చట్టం ఈ విధంగా స్వయంగా నిర్వహిస్తోంది. అయితే రాతప్రతిపై శ్రమించినంత శ్రద్ధతో ఒప్పందాన్ని చదివే అలవాటు సాహిత్యలోకంలో బలపడలేదు.

6. నేటి స్థితి

సాహిత్యానికి పెద్దపీట వేసిన వారపత్రికలు చాలావరకు ఆగిపోవడంతో సంపాదకుడి వడపోత బలహీనపడింది. రచయితే ముద్రణ ఖర్చు భరించి కొన్నివందల ప్రతులు అచ్చువేయించుకోవడం సాధారణమయింది. అమ్మకానికి పుస్తక విక్రేతల కమిషను, జిల్లా గ్రంథాలయ సంస్థల కొనుగోళ్లు, 1989 నుండి ఏటా జరుగుతున్న విజయవాడ పుస్తక మహోత్సవం ఆధారాలు. ఇదే సమయంలో ఈ-పుస్తకం, శ్రవ్యపుస్తకం, వెబ్ ధారావాహిక, అనువాదం అంటూ హక్కులు మరిన్ని శాఖలయ్యాయి. వడగట్టేవారు తగ్గి, కాపాడుకోవలసినవి పెరిగిన దశ ఇది.

7. ముగింపు

కృష్ణా డెల్టాలో సాహిత్య ప్రతినిధి లేకపోయినా అతని పనులలో ఎంపిక, యోగ్యతా నిర్ణయం, పాఠకులకు చేర్చడం అనే మూడింటిని సంపాదకులు, పీఠికాకర్తలు, గ్రంథాలయాలు, ప్రచురణకర్తలు సమర్థంగా నిర్వహించారు. వీరిలో ఎవరూ వృత్తిరీత్యా రచయిత పక్షాన నిలిచినవారు కారు. అందువల్ల హక్కుల పరిరక్షణ అన్న నాలుగవ పని రచయితకే మిగిలింది. ప్రచురణకు సిద్ధపడే రచయిత ఏ రూపానికి, ఏ భాషకు, ఎంతకాలానికి హక్కు ఇస్తున్నాడో రాతలో ఉంచుకోవడం, ఇవ్వని హక్కులు తనవేనని స్పష్టం చేసుకోవడం ఈ చరిత్ర సూచించే ఆచరణ. రచయితల లేఖలు, ఒప్పందపత్రాలు, ప్రచురణసంస్థల లెక్కల పుస్తకాలు సేకరించి భద్రపరిస్తే తెలుగు సాహిత్య చరిత్రలో ఈ ఆర్థిక పార్శ్వంపై మరింత లోతైన పరిశోధనకు వీలు కలుగుతుంది.