కాలిఫోర్నియా భూశాసనము – ప్రజల ఓటు

శాసనములు శాసనసభలయందే పుట్టునని మనము తలంతుము. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున 1911వ సంవత్సరమునుండి వేఱొక మార్గమును గలదు. తగినన్ని సంతకములు కూర్చినచో పౌరులే శాసనమును ప్రతిపాదించి, ఓటర్ల నిర్ణయమునకు పెట్టవచ్చును.

1913లో ఆ రాష్ట్ర శాసనసభ, పౌరసత్వమునకు అర్హులుగాని విదేశీయులు సేద్యపు భూమిని కొనరాదనియు, మూడేండ్లకు మించి కౌలునకు తీసికొనరాదనియు శాసించెను. దాని గుఱి ముఖ్యముగా జపానుదేశపు రైతులు. 1920లో పౌరుల ప్రతిపాదనపై ఓటర్లు ఆ కొద్దిపాటి కౌలును సైతము నిషేధించిరి. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులును పౌరసత్వమునకు అనర్హులని తీర్పు చెప్పగా, పంజాబునుండి వెళ్లి అచ్చట సేద్యము చేయుచుండిన మన దేశీయులకును ఆ కట్టడి తగిలెను.

ఓటర్లు చేసిన శాసనమును వారి యనుమతి లేక శాసనసభ సామాన్యముగా రద్దుచేయజాలదు. ఈ భూశాసనములను బలపఱచు ప్రతిపాదన 1946లో ఓటర్లయెదుటికి రాగా వారు దానిని తిరస్కరించిరి. 1952లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ శాసనము చెల్లదనెను. తుదకు 1956లో ఓటర్లే దానిని రద్దుచేసిరి.

రైతునకు భూమియే ప్రాణము. ఎక్కువమంది ఓటుచేసినంతమాత్రమున శాసనము న్యాయము కానేరదు. సంఖ్యాబలముగల ఏ సంఘమైనను ఓటువేయుటకు ముందు, ఓటులేని పొరుగువానిని తలంచుట ధర్మమని మా విన్నపము.