వరిగింజలో అచ్చుతప్పు

రోజూ ఎసట్లో పోసే సాంబ మసూరికి పెద్ద చరిత్రే వుందంటే నవ్వుతారేమో! మా పాయకరావుపేట కొట్లో బస్తా మీద పేరు చూసి కొంటామే గాని, ఆ పేరు వెనక ఎంత శ్రమ వుందని ఎప్పుడైనా అడిగామా?

1986లో బాపట్ల పరిశోధనా స్థానం నుంచి బి.పి.టి. 5204 అనే నంబరుతో ఈ వంగడం వచ్చింది. గింజ సన్నం, రుచికి వంక లేదు. ఎండాకు తెగులు తగిలితే మాత్రం నిలవలేని సుకుమారి. హైదరాబాదులోని సి.సి.ఎం.బి., వరి పరిశోధన సంస్థ కలిసి, తెగులును తట్టుకునే మూడు జన్యువుల్ని సంకరం ద్వారా దీనిలోకి తెచ్చి, 2008లో మెరుగైన సాంబ మసూరిని విడుదల చేశాయి.

అంతటితో ఊరుకోలేదు. విత్తనాల్ని ఒక రసాయనంలో నానబెట్టి నాటితే జన్యువుల్లో అక్కడక్కడ అక్షరాలు మారిపోతాయి, పుస్తకంలో అచ్చుతప్పుల్లాగ. చాలావాటివల్ల లాభం లేదు, ఏ ఒకటో మేలు చేస్తుంది. ఆ ఒక్కటి ఏదో ఎలా తెలిసేది? వరిలో అక్షరాలు దాదాపు 39 కోట్లు! వాటిని చదివే పనిని మన దేశం కూడా పాలుపంచుకున్న అంతర్జాతీయ బృందం 2005లో పూర్తిచేసింది. అంటే సరిచూసుకోడానికి మూలప్రతి చేతికొచ్చిందన్నమాట.

2012లో జపానువారు ఒక కిటుకు చెప్పారు. ఇది నాకెంతో నచ్చింది సుమండీ! మార్పు వచ్చిన మొక్కను దాని మూల రకంతోనే సంకరం చేస్తారు. మనుమల తరంలో నాలుగింట ఒక వంతు మొక్కల్లో ఆ గుణం మళ్ళీ పైకి వస్తుంది. వాటి డి.ఎన్.ఏ.ని కలగలిపి ఒకేసారి చదువుతారు. తక్కిన అచ్చుతప్పులు సగంసగంగా కనిపిస్తాయి. అసలు కారణమైనది మాత్రం అన్నింటిలోనూ వుంటుంది. దొంగ దొరికినట్టే గదా! 2011 సునామీకి అక్కడి పొలాల్లో ఉప్పునీరు చేరితే, ఉప్పును ఓర్చుకునే వరిని వేల సంతతుల్లోంచి ఏరి, దాని జన్యువును ఇదే కిటుకుతో పట్టుకుని 2015లో ప్రకటించారు. సముద్రానికి దగ్గరలో వున్న మనకు ఇది పరాయి కబురు కాదు.

హైదరాబాదువారూ సాంబ మసూరి మీద ఈ పనే చేశారు. దీని వెన్ను పోటాకు ఒరలోంచి పూర్తిగా బయటికి రాదు, లోపల చిక్కిన గింజలు తాలుపోతాయి. రసాయనంలో నానిన విత్తనాల సంతతిలో వెన్ను పూర్తిగా బయటపడే మొక్కలు దొరికాయి. వాటిలో మార్పు జరిగిన చోట్లను ఇలా చదివే గుర్తించారు. పొడ తెగులునూ, కాండం తొలిచే పురుగునూ తట్టుకునే మొక్కలు కూడా ఆ మళ్ళలోనే తేలాయి.