పాఠశాల వ్యాసంలో దిద్దుబాటు, సంస్కరణ: పల్నాటి సాహిత్య పాఠాల నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

1911-15 మధ్య మద్రాసు రాజధానిలో జరిగిన వ్యాసపరీక్షా వివాదాన్ని మన సాహిత్య చరిత్రలు గ్రాంథిక, వ్యావహారిక వాదాల ఘర్షణగా వివరిస్తూ వచ్చాయి. అది నిజమే. అయితే ఆ వివాదానికి తక్షణ కారణం ఒక విద్యార్థి పరీక్షలో రాసే వ్యాసం. అందులో ఏది తప్పు, ఆ తప్పును ఏ ప్రమాణంతో నిర్ణయించాలి అన్నదే నాటి ప్రశ్న. ఆ ప్రశ్న పదస్వరూపం దగ్గరే ఆగిపోయిందనీ, అందువల్ల వ్యాసంలోని ఆలోచనను సవరించే పద్ధతి చర్చకు రాలేదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. దిద్దుబాటు అంటే రూపదోషాలను సరిచేయడం. సంస్కరణ అంటే ప్రతిపాదనను, ఆధారాలను, క్రమాన్ని తిరిగి చూసుకోవడం. ఈ రెండు మాటలను ఇక్కడ ఈ అర్థాల్లోనే వాడుతున్నాను.

వ్యాసపరీక్ష: ఐచ్ఛికం, ఉపసంహరణ

1912-13లో స్కూలు ఫైనలు వ్యాసాన్ని కావ్యభాషలో గాని ఆధునిక భాషలో గాని రాయవచ్చునని బోర్డు కార్యదర్శి ఉత్తరువు వెలువరించాడు. ఆధునిక భాషకు లక్ష్యాలుగా బ్రౌన్ తెలుగు రీడరునూ, 1838లో అచ్చయిన ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రనూ పేర్కొన్నాడు. 1911లో మద్రాసులో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు పక్షాన పండితులు దీన్ని తీవ్రంగా ప్రతిఘటించారు. జయంతి రామయ్య పంతులు గ్రాంథికాన్ని సమర్థిస్తూ, గిడుగు రామమూర్తి ఆధునిక భాషను సమర్థిస్తూ 1913లోనే ఆంగ్లంలో గ్రంథాలు ప్రకటించారు. విశ్వవిద్యాలయ వ్యాసరచన ఉపసంఘ నివేదికతో విభేదించిన గురజాడ అప్పారావు 1914లో తన అసమ్మతి పత్రాన్ని సమర్పించాడు. అయినా 1915 నాటికి గ్రాంథికమే తిరిగి నిలిచింది.

ఇరుపక్షాల వాదాల్లోనూ ఒక సామాన్యాంశం ఉంది. వ్యాసాన్ని పరీక్షించడమంటే భాషను పరీక్షించడమేనన్న భావన ఉభయులకూ అంగీకారమైనట్టే కనిపిస్తుంది. బాలవ్యాకరణం ప్రమాణమైతే సంధి, అరసున్న, క్రియారూపం దిద్దుబాటుకు విషయాలవుతాయి. శిష్టవ్యవహారం ప్రమాణమైతే తప్పుల పట్టిక మారుతుంది గాని దిద్దే పద్ధతి మారదు. గిడుగు ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’లో పండితుల గ్రాంథిక రచనల్లోనే దోషాలను ఎత్తిచూపాడు. పెద్దలకే పట్టుబడని భాషలో పిల్లలను పరీక్షించడం న్యాయమా అన్న ప్రశ్నకు అది బలమైన ఆధారం. కాని అదీ రూపదోషాల పరిధిలోని వాదమే.

రచయితల ఆచరణ, పరిష్కర్తల విధానం

వాదంలో స్పష్టపడని భేదం రచనాచరణలో స్పష్టంగా ఉంది. 1897లో వెలువడిన కన్యాశుల్కాన్ని గురజాడ 1909 ముద్రణకు దాదాపు కొత్త నాటకంగా మలిచాడు. అయిదంకాలు ఏడయ్యాయి, పాత్రల బలాబలాలు మారాయి. ఇది అచ్చుతప్పుల సవరణ కాదు, చెప్పదలచినదాన్ని తిరిగి ఆలోచించడం. పరీక్షావ్యాసం గురించి వాదించిన రచయితే తన కృతి విషయంలో సంస్కరణకు ఇంతటి నిదర్శనం చూపాడు. ఆ అనుభవం మాత్రం పాఠశాల వ్యాసానికి సూత్రంగా మారలేదు.

గ్రంథపరిష్కరణ మరొక పాఠాన్ని అందిస్తుంది. పల్నాటి గుత్తికొండకు చెందిన అక్కిరాజు ఉమాకాంతం, శ్రీనాథ కర్తృకంగా ప్రసిద్ధమైన ద్విపద పల్నాటి వీరచరిత్రను 1911లో పరిష్కరించి ప్రకటించాడు. 1974లో అలిశెట్టి గాలెయ్య గానం చేసిన వీరగాథను సేకరించిన జీన్ రోఘైర్ 1982లో దాని ఆంగ్లానువాదాన్ని వెలువరించాడు. లిఖిత, మౌఖిక రూపాలు రెండూ ఉన్నచోట ఒకదాన్ని ప్రమాణం చేసి రెండోదాన్ని తప్పుగా తీసివేయడం పరిష్కరణ కాదు. పాఠాంతరం ఏ పని చేస్తున్నదో తెలుసుకున్న తరువాతే దాన్ని నిలపాలో మార్చాలో పరిష్కర్త నిర్ణయించాలి. విద్యార్థి రాతను దిద్దే ఉపాధ్యాయుడికీ ఈ నియమమే వర్తిస్తుంది.

ఈపూరు నేపథ్యంలో అన్వయం

ఈపూరు నేడు పల్నాడు జిల్లాలో మండల కేంద్రం. జాషువ పుట్టిన వినుకొండ దీనికి సమీపంలోనిదే. ఇటువంటి చోట ఉన్నత పాఠశాల విద్యార్థి ‘గబ్బిలం’పై విశ్లేషణ వ్యాసం రాస్తున్నాడనుకుందాం. “గబ్బిలం గొప్ప కావ్యం. ఇందులో కరుణరసం ఉంది. అందరూ చదవాలి” అన్నది తొలిప్రతి. ఇందులో వ్యాకరణదోషం ఒక్కటీ లేదు. దిద్దుబాటు మాత్రమే తెలిసిన ఎర్రసిరాకు ఇక్కడ పని ఉండదు.

సంస్కరణ దృష్టితో చూస్తే అడగవలసినవి చాలా ఉన్నాయి. గొప్పతనానికి ఆధారమేమిటి? సందేశం మోయడానికి కవి గబ్బిలాన్నే ఎందుకు ఎంచుకున్నాడు? ఈ ప్రశ్నల తరువాత మలిప్రతి ఇలా ఉండవచ్చు: “మేఘసందేశంలో యక్షుణ్ణి ప్రియురాలికి దూరం చేసింది శాపం. గబ్బిలంలో నాయకుణ్ణి శివునికి దూరం చేసింది కులం. అతడు అడుగుపెట్టలేని గుడిలో గబ్బిలం వేలాడగలదు. కనుక దూత ఎంపికలోనే కవి ధిక్కారం ఉంది.” ఇప్పుడు ప్రతిపాదన ఉంది, పోలిక ఉంది, నిగమనం ఉంది. ఈ దశలో ఆ విద్యార్థి తన పల్నాటి పలుకుబడిలో ఒకటి రెండు మాటలు వాడినా వాదానికి లోటు రాదు. ముందుగా వాటినే కొట్టివేస్తే అతడు రెండో ప్రతికి సాహసించకపోవచ్చు. రూపాన్ని చూడవద్దని కాదు. అది చివరి ప్రతిలో చేయవలసిన పని.

ముగింపు

వ్యాసపరీక్షా వివాదం విద్యార్థి ఏ భాషలో రాయాలన్న ప్రశ్నను లేవదీసింది. కాలక్రమంలో శిష్టవ్యావహారికం పాఠ్యభాషగా నెలకొని ఆ ప్రశ్నకు సమాధానం దొరికింది. రాసినదాన్ని విద్యార్థి ఎలా తిరిగి చూసుకోవాలన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. ఒకే ప్రతి రాయించి, దానికే మార్కులు వేసే పద్ధతిలో సంస్కరణకు చోటు లేదు. తొలిప్రతికి ప్రశ్నలు, మలిప్రతికి దిద్దుబాటు అన్న క్రమాన్ని బోధనలో నిలిపినప్పుడే నాటి వివాదం తెరిచిన దారి పూర్తవుతుంది. తెలుగు శాఖల్లో పాఠపరిష్కరణను బోధించేవారు, పాఠశాలలకు ఉపాధ్యాయులను తీర్చిదిద్దేవారు కలిసి ఆలోచించవలసిన విషయమిది.