ఆవిరి ఇంజను ఎందుకు పోయింది?

ఆవిరి ఇంజనుకు వేగం చాలకే డీజిలు వచ్చిందని మనలో చాలామంది అనుకుంటాం. అమెరికా సంగతి చూస్తే అలా లేదు. అక్కడి ఆవిరి ఇంజన్లు గంటకు 100 మైళ్లు దాటినవే! తంటా అంతా షెడ్డులోనే. బూడిద దులపాలి, నీళ్లు పట్టాలి, బాయిలరు కడగాలి; ఇంజను నిలిచిపోయేది, కూలి ఖర్చు పెరిగేది. అసలు కారణం అదే అంటాం మేము.

1939లో జనరల్ మోటార్స్ వారు నాలుగు యూనిట్లు కలిపిన 5,400 అశ్వశక్తి డీజిలును బయటికి తీశారు. 11 నెలల్లో 20 రైల్వే కంపెనీల దారులపై 83,000 మైళ్లకు పైగా తిప్పి చూపారు. కంపెనీలకు లెక్క తెలిసింది. 1960 నాటికి పెద్ద లైన్లలో ఆవిరి దాదాపు ముగిసింది.

మరి బొగ్గు వేసే ఫైర్‌మన్ గతేమిటి? యూనియన్లు పట్టుబట్టి అతణ్ణి డీజిలు ఇంజనులోనూ కూర్చోబెట్టాయి. తగాదా ముదిరి, 1963లో పార్లమెంటు చట్టం చేసి మధ్యవర్తులకు అప్పగించింది. సరుకు రైళ్లలో, యార్డుల్లో నూటికి 90 ఫైర్‌మన్ కొలువులు అక్కర్లేదని వారు తేల్చేశారు.